ఒక్క అమ్మకాల పట్టికతో బిజినెస్ డేటా అనలిటిక్స్: నాలుగు రకాలూ వరసగా ఎలా చేయాలి

బిజినెస్ అనలిటిక్స్, అంటే వ్యాపార లెక్కలను విశ్లేషించి నిర్ణయాలు తీసుకోవడం, ఎక్కడ మొదలుపెట్టాలి? పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష ముందు నేర్చుకోవాలా, రిపోర్టులు తయారుచేసే పవర్ బీఐ ముందా? నాలుగు రకాలంటారు, అందులో మాకు పనికొచ్చేది ఏది? పాఠకులు మళ్ళీ మళ్ళీ అడుగుతున్న ప్రశ్నలివి. అన్నింటికీ కలిపి ఒకే పద్ధతి చెబుతున్నాం. మీ దగ్గరున్న అమ్మకాల పట్టిక ఒక్కటి తీసుకోండి. దాని మీదే నాలుగు రకాల విశ్లేషణనూ ఒకదాని తర్వాత ఒకటి చేయండి. వరస మాత్రం మార్చకండి. లెక్క టాలీ కాని పట్టిక మీద వేసిన అంచనా ఎంత అందమైన గ్రాఫులో ఉన్నా పనికిరాదు.

ముందు ఆ నాలుగు రకాలేమిటో క్లుప్తంగా చూద్దాం. నాలుగూ నాలుగు ప్రశ్నలు, అంతే.

డిస్క్రిప్టివ్: ఏం జరిగింది?
డయాగ్నస్టిక్: ఎందుకు జరిగింది?
ప్రిడిక్టివ్: ఇకపై ఏం జరగొచ్చు?
ప్రిస్క్రిప్టివ్: అయితే ఇప్పుడేం చేయాలి?

చాలామంది మూడో ప్రశ్న మీద మోజుతో వస్తారు. కానీ అసలు లాభం ఎక్కువగా మొదటి రెండింట్లోనే దొరుకుతుంది. అందుకే ఇక్కడ కూడా వాటికే ఎక్కువ చోటిచ్చాం.

ఏమేం కావాలి

అమ్మకాల పట్టికలో కనీసం ఈ కాలమ్‌లు ఉండాలి: ఆర్డర్ నంబర్, తేదీ, కస్టమర్ నంబర్, వస్తువు కోడ్, ఎన్ని అమ్మారు, ఎంతకు అమ్మారు, తగ్గింపు ఎంత, ఆర్డర్ ఏ మార్గంలో వచ్చింది, వాపసు వచ్చిందా. కస్టమర్ల పేర్లు, ఫోన్ నంబర్లు ఈ పనికి అక్కర్లేదు. కాపీ చేసుకునేటప్పుడే ఆ కాలమ్‌లు తీసేయండి, కస్టమర్ నంబర్ ఒక్కటీ చాలు.

ఎంత కాలం డేటా కావాలి? ఏం జరిగిందో చెప్పడానికి రెండు మూడు నెలలు సరిపోతాయి. రాబోయే నెలలను అంచనా వేయాలంటే కనీసం 24 నెలలు, వీలైతే 36 నెలలు ఉండాలి. ఏడాదిలో ఒక్కోసారి మాత్రమే వచ్చే రద్దీ కనీసం రెండుసార్లు కనిపిస్తే తప్ప అది అలవాటో, ఆ ఒక్క ఏడాది విశేషమో తేలదు.

ఎక్సెల్, గూగుల్ షీట్స్, లిబ్రేఆఫీస్ క్యాల్క్‌లో ఏదైనా ఒకటి చాలు. లిబ్రేఆఫీస్ ఉచితం.

వీటితో పాటు చాలామంది మరిచిపోయేది ఒకటుంది. అదే కాలానికి అకౌంట్స్ పుస్తకంలో ఉన్న నెలవారీ మొత్తం అమ్మకాల అంకె. అది చేతిలో లేకుండా నాలుగో అడుగు దాటలేరు.

1. ఏ నిర్ణయం కోసమో ఒక్క వాక్యంలో రాయండి

"అమ్మకాలు పెంచాలి" అనేది ప్రశ్న కాదు, కోరిక. "వచ్చే మూడు నెలల ప్రకటనల ఖర్చు కొత్తవాళ్ళ కోసం పెట్టాలా, పాతవాళ్ళను మళ్ళీ రప్పించడానికి పెట్టాలా?" అన్నది ప్రశ్న. మీ ప్రశ్న సరైనదో కాదో ఇలా చూసుకోండి: జవాబు ఇలా వస్తే ఏం చేస్తాం, అలా వస్తే ఏం చేస్తాం అని రెండు వరసలు రాయండి. రెండింట్లోనూ అదే పని కనిపిస్తే ఆ విశ్లేషణ మానేయండి. ఏం తేలినా మీరు చేసేది మారదు.

అదే కాగితం మీద మాటల అర్థాలు కూడా ఖాయం చేసుకోండి. "అమ్మకం" అంటే పన్నుతో కలిపా, పన్ను లేకుండానా? వాపసులు తీసేశాకా, తీయకముందా? ఆర్డర్ ఇచ్చిన తేదీ లెక్కా, చేరిన తేదీ లెక్కా? "కొత్త కస్టమర్" అంటే జీవితంలో మొదటిసారి కొన్నవాడా, ఈ ఏడాదిలో మొదటిసారా? ఒకే నెలకు రెండు విభాగాలు రెండు అంకెలు చూపించాయంటే, చాలాసార్లు ఇద్దరి లెక్కా సరైనదే. "అమ్మకం" అన్న మాటకు ఇద్దరూ వేర్వేరు అర్థాలు చెప్పుకున్నారు.

2. అసలు ఫైలును ముట్టుకోకండి

వచ్చిన ఫైలును వచ్చినట్టే ఒక ఫోల్డర్‌లో దాచి, పని అంతా కాపీ మీద చేయండి. పక్కన ఒక షీట్ తెరిచి, ఏం మార్చారో, ఎన్ని వరసలు (రోలు) మారాయో రాసుకుంటూ వెళ్ళండి. నెల తర్వాత "ఈ 37 వరసలు ఎందుకు తీసేశాం?" అని ఎవరైనా అడిగితే జవాబు అందులో ఉంటుంది.

సీఎస్‌వీ ఫైలును (విలువల మధ్య కామాలుండే సాదా టెక్స్ట్ ఫైలు) డబుల్ క్లిక్ చేసి ఎక్సెల్‌లో తెరవకండి. తెరవగానే ఎక్సెల్ తన తెలివి చూపిస్తుంది. 00457 అనే కోడ్ 457 అయిపోతుంది. 3-12 అనే కోడ్ తేదీగా మారిపోతుంది. 15 అంకెలు దాటిన నంబరులో చివరి అంకెలు సున్నాలవుతాయి. ఇలా మారినదాన్ని సేవ్ చేశారంటే పాత విలువలు తిరిగి రావు. జన్యు శాస్త్రవేత్తలకు కూడా ఈ బాధ తప్పలేదు. వాళ్ళ జన్యువుల పేర్లను ఎక్సెల్ తేదీలుగా మార్చేస్తోందని 2020లో కొన్ని జన్యువుల పేర్లనే మార్చుకున్నారు. మీరు డేటా ట్యాబ్‌లోని "ఫ్రమ్ టెక్స్ట్ సీఎస్‌వీ" ద్వారా తెచ్చుకుని, కోడ్‌లూ నంబర్లూ ఉన్న కాలమ్‌లను "టెక్స్ట్" అని పెట్టండి. లెక్క కట్టని నంబరు ఏదైనా నంబరు కాదు, పేరు.

3. శుభ్రం చేయండి

ఎక్కువ సమయం తినేది ఈ అడుగే. దీన్ని తొందరగా ముగించాలని చూడకండి.

ముందుగా, ఒక వరస అంటే ఏమిటో తేల్చుకోండి. ఒక వరస ఒక ఆర్డరా, ఆర్డర్‌లోని ఒక వస్తువా? మూడు వస్తువులు కొన్న ఆర్డర్ మూడు వరసల్లో ఉండొచ్చు. అది తెలియక ఆర్డర్ నంబర్ ఒక్కటే ఎంచుకుని "రిమూవ్ డూప్లికేట్స్" నొక్కితే రెండు వస్తువుల అమ్మకం మాయమైపోతుంది. అన్ని కాలమ్‌లూ అచ్చంగా ఒకటే అయితేనే నకలుగా అనుమానించండి. అప్పుడు కూడా తీసే ముందు నాలుగైదు వరసలు కళ్ళతో చూడండి.

తర్వాత తేదీలు. 03/04 అంటే మార్చి 4 అనుకునే కంప్యూటర్లున్నాయి, ఏప్రిల్ 3 అనుకునేవీ ఉన్నాయి. రోజు ముందుండే ఫైలును నెల ముందుండే సెట్టింగులో తెరిస్తే, 12వ తేదీ లోపువన్నీ చడీచప్పుడు లేకుండా తారుమారవుతాయి. 13 నుంచి పైవి మాత్రం తేదీలుగా మారలేక టెక్స్ట్‌గా మిగిలిపోతాయి. పట్టుకోవడం సులువు: కాలమ్‌కు మీరు ఏ అలైన్‌మెంటూ పెట్టకుండా చూస్తే, సరైన తేదీలు సెల్‌లో కుడివైపుకు, టెక్స్ట్ ఎడమవైపుకు అతుక్కుని ఉంటాయి. ఒకే కాలమ్‌లో రెండూ కనిపించాయంటే ఫైలును సరైన తేదీ సెట్టింగుతో మళ్ళీ తెచ్చుకోండి. కుడివైపున్నవాటిని వదిలేసి ఎడమవైపువి మాత్రమే బాగుచేస్తే సగం తప్పులు లోపలే ఉండిపోతాయి.

అంకెలదీ అదే పరీక్ష. ఎడమవైపు అంటుకున్న అంకె టెక్స్ట్, అది మొత్తంలో కలవదు. పివట్ టేబుల్‌లో (పట్టికను గుంపులుగా కూడి చూపే సదుపాయం) అమ్మకం విలువ లాగగానే "సమ్" బదులు "కౌంట్" వచ్చిందంటే ఆ కాలమ్‌లో టెక్స్టో, ఖాళీ సెల్లో ఉందన్న హెచ్చరికే అది.

పేర్లలో ఖాళీలు మరో తలనొప్పి. "వెబ్‌సైట్" ఒకటి, చివర ఖాళీ ఉన్న "వెబ్‌సైట్ " ఇంకొకటి అయి రెండు మార్గాలుగా లెక్కకు వస్తాయి. ట్రిమ్ ఫంక్షన్ వాడండి. వెబ్ పేజీల నుంచి కాపీ చేసిన డేటాలో ఉండే ఒక రకం ఖాళీని ట్రిమ్ తీయలేదు. ఆ ఖాళీని కాపీ చేసి, "రీప్లేస్" పెట్టెలో అతికించి తీసేయాలి.

ఖాళీ సెల్‌ను సున్నాతో నింపకండి. తగ్గింపు సున్నా అంటే ఇవ్వలేదని. ఖాళీ అంటే ఇచ్చారో లేదో ఎక్కించలేదని. ఈ రెంటినీ కలిపేస్తే సగటు చెడుతుంది.

మరీ పెద్ద, మరీ చిన్న విలువలను వెతకడానికి గణాంకవేత్త జాన్ టూకీ చెప్పిన కొలత ఇప్పటికీ బాగా పనిచేస్తుంది. విలువలను వరసగా పేర్చి, కింది పాతిక శాతం ముగిసే చోటునూ పై పాతిక శాతం మొదలయ్యే చోటునూ గుర్తించండి. ఆ రెండింటి మధ్య దూరానికి ఒకటిన్నర రెట్లకు మించి ఎటైనా బయటపడినవాటిని విడిగా చూడండి. చూడమన్నాం, తీసేయమనలేదు. 12కు బదులు 120 కొట్టిన పొరపాటైతే దిద్దండి. నిజంగానే పెద్ద ఆర్డర్ అయితే అది మీ అతి ముఖ్యమైన కస్టమర్ కావచ్చు.

4. టాలీ చేయండి

శుభ్రం చేసిన పట్టికలో నెలవారీ మొత్తాలు తీసి, అకౌంట్స్ అంకెల పక్కన పెట్టండి. తేడా చిన్నదా పెద్దదా అన్నది తర్వాత. ఎందుకు వచ్చిందో చెప్పగలగాలి. పన్ను మేరకు తేడా ఉందా? వాపసుల మేరకా? నెలాఖరు ఆర్డర్లు అటు ఇటు అయ్యాయా? చేత్తో ఎక్కించిన పట్టికల్లో తేడా 9తో భాగింపబడితే పక్కపక్క అంకెలు తారుమారయ్యాయేమో చూడండి. 54కు బదులు 45 పడితే తేడా 9, 540కి 450 పడితే 90. లెక్కలు రాసేవాళ్ళు ఎప్పటి నుంచో వాడుతున్న చిట్కా ఇది.

ఇంకో మూడు చూడండి. మొదటి తేదీ, చివరి తేదీ మీరనుకున్నవేనా? వరసల సంఖ్య మూల ఫైలుతో సరిపోయిందా? యాదృచ్ఛికంగా పది ఆర్డర్లు తీసి అసలు బిల్లులతో పోలిస్తే పదికి పదీ కలిశాయా?

వరసల సంఖ్య చూడమనడం చాదస్తం కాదు. 2020 శరదృతువులో ఇంగ్లండ్‌లో 15,841 కోవిడ్ కేసులు రోజువారీ లెక్కల్లోకి రాకుండా పోయాయి. కారణం పాత ఎక్స్‌ఎల్‌ఎస్ రకం ఫైలు. అందులో 65,536 వరసలే పడతాయి, మిగిలినవి తెగిపోయాయి. అక్కడ ఎన్ని వరసలు పంపారు, ఎన్ని చేరాయి అని పోల్చి ఉంటే మొదటి రోజే దొరికేది.

రెండు పట్టికలు కలిపిన ప్రతిసారీ కూడా మొత్తాన్ని మళ్ళీ చూడండి. మూడు వస్తువుల ఆర్డర్‌కు రెండు విడతల చెల్లింపులుంటే, కలపగానే ఆరు వరసలవుతాయి, అమ్మకం రెట్టింపవుతుంది. ఒక పట్టికలోని విలువను వెతికి ఇంకో పట్టికలోకి తెచ్చే వీలుకప్ ఫంక్షన్ వాడితే నాలుగో చోట తప్పకుండా "ఫాల్స్" ఇవ్వండి. ఇవ్వకపోతే అది దగ్గర్లో ఉన్న విలువ తెచ్చి పెట్టేస్తుంది, తప్పని ఎక్కడా చెప్పదు. ఎక్స్‌లుకప్‌తో ఈ బెడద లేదు.

5. డిస్క్రిప్టివ్: ఏం జరిగిందో చెప్పండి

పివట్ టేబుల్ పెట్టి నాలుగు అంకెలు తీయండి: నెలకు అమ్మకం, ఆర్డర్లు, వేర్వేరు కస్టమర్లు, ఒక్కో ఆర్డర్ సగటు విలువ. ఒక వరస ఒక వస్తువు అయితే మామూలు "కౌంట్" ఆర్డర్లను లెక్కపెట్టదు, వరసలను లెక్కపెడుతుంది. కస్టమర్ల విషయంలోనూ అంతే. ఎక్సెల్‌లో పివట్ పెట్టేటప్పుడే "డేటా మోడల్‌కు చేర్చు" అన్న గడిలో టిక్ పెడితే "డిస్టింక్ట్ కౌంట్" దొరుకుతుంది. గూగుల్ షీట్స్‌లో "కౌంట్‌యూనిక్" ఉంది. మూల డేటా మారినా చాలా ఎక్సెల్ వెర్షన్లలో పివట్ తనంతట తాను మారదు. "రిఫ్రెష్" నొక్కాలి.

సగటు పక్కన ఎప్పుడూ మీడియన్ (విలువలను వరసగా పేరిస్తే సరిగ్గా మధ్యలో పడేది) పెట్టండి. తొమ్మిది ఆర్డర్లు 200 చొప్పున, ఒకటి 8,200 ఉంటే సగటు 1,000 వస్తుంది. నిజానికి 1,000 దగ్గర్లో కొన్నవాళ్ళు ఒక్కరూ లేరు. మీడియన్ 200, మామూలు కస్టమర్ ఎంతకు కొంటున్నాడో అది చెబుతుంది.

నెలను నెలతో పోల్చేటప్పుడు రోజులు లెక్కపెట్టండి. రోజుకు అమ్మకం ఒక్క పైసా కూడా మారకపోయినా, 31 రోజుల జనవరి నుంచి 28 రోజుల ఫిబ్రవరికి నెల మొత్తం 9.7 శాతం తగ్గినట్టు కనిపిస్తుంది. నెల మొత్తాన్ని రోజులతో భాగించి పోల్చండి. సెలవు రోజుల్లో వ్యాపారం బాగా మారేవాళ్ళు ఆ నెలలో ఎన్ని వారాంతాలు పడ్డాయో కూడా చూసుకోవాలి. సగంలో ఉన్న నెలను పూర్తయిన నెల పక్కన ఎప్పుడూ పెట్టకండి.

అంకెలతో ఆగకుండా గీత గీసి చూడండి. గణాంకవేత్త ఫ్రాన్సిస్ ఆన్‌స్కోంబ్ 1973లో 11 బిందువుల చొప్పున నాలుగు డేటా సమితులు చూపించారు. నాలుగింటికీ సగటులు ఒకటే, రెండు కొలతల మధ్య సంబంధాన్ని చెప్పే అంకె కూడా దాదాపు ఒకటే. గీస్తే మాత్రం ఒకటి మామూలు వాలు, ఒకటి వంపు, మిగిలిన రెండింట్లో ఒకే ఒక్క బిందువు లెక్కంతటినీ లాగేస్తుంది. కాలానికి గీత గ్రాఫు, పోలికకు కడ్డీ గ్రాఫు చాలు. కడ్డీ గ్రాఫు సున్నా నుంచే మొదలవ్వాలి.

6. డయాగ్నస్టిక్: ఎందుకో విప్పి చూడండి

మొత్తాన్ని ముక్కలు చేయడమే ఇక్కడ పని. అమ్మకం అంటే కస్టమర్ల సంఖ్య, ఒక్కొక్కరు చేసిన ఆర్డర్లు, ఒక్కో ఆర్డర్ విలువ, ఈ మూడింటి గుణకారం. ఒక ఊహా ఉదాహరణ చూడండి.

మొదటి నెల: 500 మంది × 2 ఆర్డర్లు × 400 = 4,00,000
రెండో నెల: 540 మంది × 1.6 ఆర్డర్లు × 420 = 3,62,880

అమ్మకం 9.3 శాతం తగ్గింది. పైపైన చూస్తే "జనం రావట్లేదు, ధర తగ్గించండి" అనేస్తారు. కానీ జనం పెరిగారు, ఆర్డర్ విలువ కూడా పెరిగింది. పడిపోయింది మళ్ళీ మళ్ళీ కొనడం ఒక్కటే. ఇంకా విప్పండి. మొదటి నెల 1,000 ఆర్డర్లలో కొత్తవాళ్ళు 100 మంది 100 ఆర్డర్లు చేశారు, పాతవాళ్ళు 400 మంది 900 చేశారు. రెండో నెల 864 ఆర్డర్లలో కొత్తవాళ్ళు 200 మంది 200 చేస్తే, పాతవాళ్ళు 340 మంది 664 చేశారు. కొత్తవాళ్ళ వల్ల 100 ఆర్డర్లు పెరిగాయి, పాతవాళ్ళ దగ్గర 236 పోయాయి. నికరంగా 136 తగ్గాయి, మొత్తం టాలీ అయింది. ధర తగ్గించి ఉంటే రోగం ఒకచోట, మందు ఇంకొకచోట అయ్యేది. ఇప్పుడు అడగాల్సింది వేరే: తగ్గిన ఆ 60 మంది పాతవాళ్ళు ఎవరు, చివరిసారి ఏం కొన్నారు, ఆ సరుకు ఆలస్యంగా చేరిందా?

విప్పిన ముక్కల మార్పులన్నీ కూడితే మొత్తం మార్పు రావాలి. రాలేదంటే ఎక్కడో ఒక గుంపు లెక్కలోంచి జారిపోయింది.

ముక్కలు చేయకపోతే అంకె తలకిందులుగా కూడా కనిపిస్తుంది. ఇదీ ఊహా లెక్కే: మొదటి నెల వెబ్‌సైట్‌లో 800 విచారణలకు 80 ఆర్డర్లు, ఫోన్‌లో 200 విచారణలకు 80 ఆర్డర్లు. అంటే 10 శాతం, 40 శాతం, మొత్తం మీద 16 శాతం. రెండో నెల వెబ్‌సైట్‌లో 1,400కు 168, ఫోన్‌లో 100కు 45. వెబ్‌సైట్ 12 శాతానికి, ఫోన్ 45 శాతానికి పెరిగాయి. మొత్తం మాత్రం 14.2 శాతానికి పడిపోయింది. రెండు చోట్లా పని మెరుగైంది, విచారణలు వచ్చే దారి మాత్రం మారింది. దీన్ని సింప్సన్ వైరుధ్యం అంటారు. మొత్తం శాతం ఒక్కటే చూసి ఫోన్ ఎత్తేవాళ్ళను మందలిస్తే వాళ్ళకు అన్యాయం చేసినట్టే. శాతం రాసిన చోటల్లా దాని పక్కన ఎంతమందిలో అన్నది కూడా రాయండి.

ఇక్కడ తేలేది అనుమానమే, తీర్పు కాదు. రెండు గీతలు కలిసి పైకి లేచినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణమని కాదు. కారణం ముందు జరగాలి. కారణం తగలని చోట ఫలితం కనిపించకూడదు. ఆలస్యమే కారణమైతే సకాలంలో సరుకు అందినవాళ్ళు తగ్గి ఉండకూడదు. వాళ్ళూ అంతే తగ్గారా? అయితే ఆ అనుమానం వదిలేసి ఇంకొకటి చూడండి.

7. ప్రిడిక్టివ్: ముందు మామూలు అంచనా, తర్వాతే మోడల్

చివరి మూడు నెలలను మూసేయండి, అవి లేవనుకోండి. మిగతా డేటాతో ఆ మూడు నెలలకు అంచనా వేసి, తర్వాత తెరిచి పోల్చండి. పోటీకి ముందుగా నిలబెట్టాల్సింది ఎంతో సాదా పద్ధతి: పోయిన ఏడాది ఇదే నెలలో ఎంతో, ఇప్పుడూ అంతే.

అసలు అమ్మకాలు 100, 120, 90 అనుకోండి. పోయిన ఏడాది అదే నెలలు 92, 126, 96. తప్పులు 8, 6, 6, సగటున 6.7. గత నెలల సగటు తీసి మూడు నెలలకూ 103 అన్నామనుకోండి. తప్పులు 3, 17, 13, సగటున 11. సాదా పద్ధతే గెలిచింది. మీరు పెట్టే మోడల్ (పాత డేటా నుంచి అంచనా కట్టే లెక్క) దేనికైనా ఈ 6.7ను ఓడించడమే ప్రవేశ పరీక్ష. ఓడించలేనిదాన్ని వాడకండి, దాని పేరు ఎంత గొప్పగా ఉన్నా సరే. ఎక్సెల్ 2016 నుంచి వస్తున్న "ఫోర్‌కాస్ట్ షీట్" మొదటి ప్రయత్నానికి బాగుంటుంది. అది ఇచ్చే పై హద్దు, కింది హద్దు దాచకుండా చూపించండి. ఒకే అంకె చెబితే వినేవాళ్ళు దాన్ని మాటిచ్చినట్టు తీసుకుంటారు.

ఈ అడుగులో దెబ్బతీసేవి మూడు. సరుకు అయిపోయిన రోజుల్లో అమ్మకం సున్నా ఉంటుంది, గిరాకీ సున్నా కాదు. ఆ రోజులను గుర్తుపెట్టి విడిగా చూడకపోతే, సరుకు లేనందుకు ఇంకా తక్కువ తెప్పించమని మోడల్ చెబుతుంది. రెండోది, జవాబు ముందే తెలిసిన కాలమ్ లోపలికి రావడం. ఏ కస్టమర్లు కొనడం మానేస్తారో అంచనా వేసేటప్పుడు "ఖాతా మూసిన తేదీ" పట్టికలో ఉంటే మోడల్ అద్భుతంగా పనిచేసినట్టు కనిపించి, అసలు వాడకంలో చతికిలబడుతుంది. మూడోది, కచ్చితత్వ శాతాన్ని నమ్మడం. నూటికి ఐదుగురే మానేసే చోట "ఎవరూ మానేయరు" అన్నా 95 శాతం సరైనదే. మానేసిన ఐదుగురిలో ఎంతమందిని ముందే పట్టుకుందో అడగండి.

పని చేసిన మోడల్ ఎప్పటికీ పని చేస్తుందనీ లేదు. వెతుకులాట మాటల ఆధారంగా ఫ్లూ తీవ్రతను చెప్పే గూగుల్ ఫ్లూ ట్రెండ్స్ 2008లో మొదలైంది. 2011 ఆగస్టు నుంచి 108 వారాల్లో 100 వారాలు ఎక్కువ చేసి చెప్పిందని 2014లో పరిశోధకులు లెక్క తేల్చారు. అందుకే ప్రతి నెలా అంచనా, అసలు, తేడా అని మూడు కాలమ్‌ల పట్టిక నడపండి. తేడా వరసగా ఒకే వైపుకు పడుతుంటే మోడల్ పాతబడిందన్నమాట.

8. ప్రిస్క్రిప్టివ్: ఏం చేయాలో చెప్పండి

దీనికి కృత్రిమ మేధ అక్కర్లేదు. సరుకు ఎప్పుడు తెప్పించాలన్నది మంచి ఆరంభం. రోజుకు సగటున 12 అమ్ముడవుతాయి, ఆర్డర్ పెట్టాక రావడానికి 7 రోజులు పడుతుంది. అంటే 84 చేతిలో ఉండాలి. రోజువారీ అమ్మకం ఒకేలా ఉండదు కాబట్టి కొంత అదనం కావాలి. ఆ ఊగిసలాటను కొలిచే స్టాండర్డ్ డీవియేషన్ 4 అయితే, 1.65 × 4 × (7 వర్గమూలం) ≈ 17.5. పైకి చేర్చి 18 అనుకోండి. నిల్వ 102కు దిగగానే కొత్త ఆర్డర్ పెట్టాలి. 1.65 అన్నది, తెప్పించిన ప్రతిసారీ సరుకు మధ్యలో అయిపోకుండా ఉండే అవకాశం సుమారు 95 శాతం ఉండేలా తీసుకున్న గుణకం. సరఫరా 7 రోజులకు కచ్చితంగా వస్తుందన్నది ఇందులోని నమ్మకం. ఒకసారి 5, ఒకసారి 12 రోజులు పడుతుంటే ఈ సూత్రం తక్కువ చెబుతుంది. అప్పుడు ఎక్కువ రోజుల లెక్కే తీసుకోండి.

పరిమితమైన డబ్బునో మనుషులనో నాలుగైదు పనులకు పంచాలంటే ఎక్సెల్‌లో "సాల్వర్" ఉంది. ఏది గరిష్ఠం కావాలో, ఏవి మారొచ్చో, ఏ హద్దులు దాటకూడదో చెబితే లెక్క కడుతుంది. హద్దు ఒకటి రాయడం మరిచిపోతే మాత్రం అంతా ఒకేచోట కుమ్మరించమంటుంది. జవాబు వింతగా ఉంటే సాల్వర్‌ను తిట్టే ముందు హద్దుల జాబితా చూడండి.

సలహా అమలు చేసే ముందు కొందరి మీదే ప్రయత్నించి మిగతావాళ్ళతో పోల్చండి. ఎవరు ఏ గుంపులోకి అన్నది చీటీ తీసినట్టు యాదృచ్ఛికంగా తేలాలి. మీకు నచ్చినవాళ్ళను ఎంచితే పోలిక చెల్లదు. ఎంతమంది కావాలో తెలిస్తే చాలామంది ఆశ్చర్యపోతారు. కొనేవాళ్ళ శాతం 10 నుంచి 12కు పెరిగిందని మామూలు ప్రమాణాలతో నమ్మకంగా చెప్పాలంటే ఒక్కో గుంపులో దాదాపు 3,800 మంది ఉండాలి. వంద మందితో తేల్చేస్తే అది జూదమే. మధ్యలో రోజూ తొంగిచూసి, గెలుస్తున్నట్టు కనిపించిన రోజున ఆపడం కూడా తప్పే.

ఇంకో మాట. అన్నింటికంటే ఘోరంగా పోయిన నెల తర్వాత ఏ మార్పు చేసినా, ఏమీ చేయకపోయినా, తర్వాతి నెల కాస్త మెరుగ్గానే ఉంటుంది. చెత్త నెలలో దురదృష్టం పాలు కూడా ఉంటుంది కదా. పోల్చే గుంపు లేకుండా ఆ ఘనతను మీ మార్పు ఖాతాలో వేయకండి.

నిర్ణయం తీసుకున్న రోజే నాలుగు విషయాలు రాసిపెట్టండి: ఏం మార్చాం, ఏ అంకె ఎంత కదులుతుందని అనుకున్నాం, ఏ తేదీన చూస్తాం, ఎంతకు దిగితే ఆపేస్తాం.

ఏ పనిముట్టు ఎప్పుడు

ఎక్సెల్ షీట్‌లో 10,48,576 వరసలు, గూగుల్ షీట్స్‌లో కోటి సెల్స్ పడతాయి. అంతదాకా పోకముందే రెండూ నెమ్మదిస్తాయి. ప్రతి వారం అదే శుభ్రపరిచే పని చేత్తో చేస్తుంటే ముందు ఎక్సెల్‌లోని పవర్ క్వెరీ నేర్చుకోండి. మూడో అడుగంతా ఒక్క బటన్‌కు వస్తుంది. ఒకే రిపోర్టును పదిమంది చూడాల్సి వస్తే పవర్ బీఐ గానీ టాబ్లో గానీ తీసుకోండి. డేటా డేటాబేస్‌లో ఉంటే దాన్ని ప్రశ్నించే భాష ఎస్‌క్యూఎల్ తప్పదు. పైథాన్ ముందా అని అడిగేవాళ్ళకు మా జవాబు ఒకటే: ఎస్‌క్యూఎల్ ముందు. పైథాన్, ఆర్ లాంటి ప్రోగ్రామింగ్ భాషలు ఏడో అడుగులో సాదా అంచనాను ఓడించాల్సిన అవసరం వచ్చినప్పుడు నేర్చుకోవచ్చు.